హాల్‌టికెట్టు రాకముందే జరిగే పరీక్ష

పోయిన ఎండాకాలం ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు నాకొక పని అప్పగించారు. తెలుగులో పరిశోధన చెయ్యడానికి వచ్చే విద్యార్థుల ప్రవేశపరీక్ష కోసం యాభై ప్రశ్నలు తయారుచేసి ఇవ్వాలి. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులుండాలి. అందులో ఒకటే సరైనదై ఉండాలి. చివర 'కీ' జతచెయ్యాలి. రెండు రోజుల పని అనుకుని కూర్చున్నాను. పదిహేడో ప్రశ్న దగ్గర ఆగిపోయాను.

'తెలుగులో తొలి కథ ఏది?' అన్నది ఆ ప్రశ్న. నేను చదువుకున్న రోజుల నుంచీ గైడ్లలో, పోటీపరీక్షల పుస్తకాల్లో దీనికి ఒకటే జవాబు. గురజాడ 'దిద్దుబాటు'. 1910లో 'ఆంధ్రభారతి'లో అచ్చయింది. కానీ 1902లోనే 'హిందూసుందరి' పత్రికలో భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' వచ్చింది. తొలి కథ అన్న పీట మీద ఎవరు కూర్చోవాలన్న వాదన స్త్రీవాద విమర్శకులు గట్టిగా లేవనెత్తాక ఇంకా ముందటి కథలు కూడా వెలుగులోకి వచ్చాయి. కథ అంటే ఏమిటి, ఆధునికత అంటే ఏమిటి, స్త్రీల పత్రికలో అచ్చయితే అది లెక్కలోకి వస్తుందా రాదా అన్న చర్చంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ ఉంది. ఈ చర్చ తెలిసిన అమ్మాయి నా ప్రశ్న చూసి ఏం చెయ్యాలి? 'దిద్దుబాటు' అని గుండ్రం నింపితే మార్కు వస్తుంది, తను చదివింది పోతుంది. 'ధనత్రయోదశి' అని నింపితే 'కీ' తయారుచేసినవాళ్ళ దయ. ఎక్కువ తెలిసినందుకు తప్పిపోయే పరీక్ష అది.

ఇదొక్క విశ్వవిద్యాలయం గొడవ కాదు. యూజీసీ నెట్ 1989లో మొదలైంది. అందులో వ్యాసరూపంలో రాసే మూడో పేపరు కూడా 2012 జూన్ నుంచి పూర్తిగా గుండ్రాలు నింపే పేపరు అయిపోయింది. 2024 నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ ప్రవేశాలు జరపవచ్చని యూజీసీ చెప్పింది. స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. డిగ్రీ స్థాయిలో 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ వచ్చింది. మా అనంతపురంలో 2018లో మొదలైన కేంద్ర విశ్వవిద్యాలయంలో చేరాలన్నా దేశమంతా రాసే ఆ పరీక్షే రాయాలి. ఇంజనీరింగుకు ఎంసెట్ ఉండనే ఉంది. 2021 నుంచి దాని పేరు ఈఏపీసెట్. డాక్టరు చదువు మన రాష్ట్రంలో 2017 నుంచి నీట్ చేతిలోకి పోయింది. పదిహేడేళ్ళ పిల్ల ఏ తలుపు తట్టినా లోపలినుంచి ఒకటే మాట వినబడుతోంది: ర్యాంకెంత?

అందరికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే మూడు గంటలు, పేరు చూడకుండా దిద్దే యంత్రం. ఇంతకంటే న్యాయం ఏముంటుంది అంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ పదిహేడో ప్రశ్న దగ్గర ఆగిపోయిన రాత్రి నాకు నేను రాసిన ఎంసెట్ గుర్తుకొచ్చింది.

2007 మే నెల. మాది హగరి ఇసుక మేటల దగ్గర ఒక పల్లె. అంతకుముందు ఏడు శెనక్కాయ పంట పోయింది. అయినా జూన్‌లో వాన పడితే మళ్ళీ విత్తనం వెయ్యాల్సిందే కాబట్టి మే నెలంతా మా ఊళ్ళల్లో విత్తనం కాయలు ఒలిచే కాలం. ఆడవాళ్ళు, ఆడపిల్లలు అరుగుల మీద గుంపులుగా కూర్చుని ఒలుస్తారు. సొంత విత్తనం అయిపోయాక పక్కవాళ్ళవి కూలికి ఒలుస్తారు. రెండు రోజులు ఒలిస్తే బొటనవేలి చివర తోలు లేస్తుంది. మగపిల్లలు ఆ పనికి కూర్చోరు. ఎందుకని ఎవరూ అడగరు. ఎంసెట్ కూడా మే నెలలోనే. నూట అరవై ప్రశ్నలు, మూడు గంటలు. పల్లెలో ఉన్న ఆడపిల్లకు పరీక్ష ముందరి నెల ఎట్లా గడుస్తుందో ఆ తేదీలు పెట్టేవాళ్ళ ఊహకు అందేది కాదు. నేను పరీక్షకు ముందు రోజు సాయంత్రం దాకా కాయలు ఒలిచాను. పొద్దున్నే నాయనతో బస్సెక్కి అనంతపురం పోయాను. హాల్లో గుండ్రాలు నింపుతుంటే బొటనవేలు మండింది. ఇది జాలి కోసం చెప్పడం లేదు. ఆ రోజు నా పక్క బెంచీ మీద కూర్చున్న అబ్బాయి చేతికీ నా చేతికీ ఉన్న తేడా ఏ ర్యాంకు కార్డు మీదా అచ్చు కాలేదని చెప్తున్నాను.

నేను చదివింది ప్రభుత్వ జూనియర్ కాలేజీలో. ఫిజిక్స్ చెప్పేవాళ్ళు ఏడాదిలో సగం కాలం లేరు. ఎంసెట్ గైడు సీనియరు దగ్గర అడిగి తెచ్చుకున్నది. నా ర్యాంకు అరవై వేలు దాటింది. ఆ ఏడే తమ్ముడు పదో తరగతి పాసయ్యాడు. వాణ్ణి విజయవాడ వైపు ఒక కార్పొరేట్ కాలేజీకి పంపడానికి ఇంట్లో పంచాయితీ జరిగింది. ఎద్దులు అమ్మాలి, కొంత అప్పు చెయ్యాలి.

"వానికిప్పుడు దావ చూపకపోతే ఎట్ల? పాపదేముంది, ఈడ్నే చదువుకుంటాది" అన్నాడు నాయన.

అమ్మ ఏమీ అనలేదు. ఎద్దులు పోయాయి. రెండేళ్ళ తర్వాత తమ్ముడికి మంచి ర్యాంకు వచ్చింది, మంచి కాలేజీలో సీటు వచ్చింది. వాడు కష్టపడ్డాడు, అందులో అబద్ధం లేదు. ఆ కాలేజీ గదుల్లో వాడు పడిన ఒంటరితనం గురించి వాడు చాలా ఏళ్ళ తర్వాత నాకు చెప్పుకుని ఏడ్చాడు. అది వేరే కథ. నేను డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. ఇప్పుడు చూసుకుంటే అదే నా అదృష్టం. కానీ ఆ రోజుల్లో ఇంటికి ఎవరొచ్చినా నాయన ఒక మాట అనేవాడు. "పాప తలకాయకు అది ఎక్కలేదు, వానికి ఎక్కింది."

ఆ మాటను నేను పదిహేనేళ్ళు నమ్మాను. ఎద్దులు ఎవరి కోసం అమ్మారో, ఎవరు అరుగు మీద కూర్చున్నారో ఇంట్లో అందరికీ తెలుసు. అయినా రెండు ర్యాంకు కార్డులు పక్కపక్కన పెట్టేసరికి ఆ తెలిసిందంతా మాయమైపోయింది. ఇంటి నిర్ణయం కాస్తా ఆడపిల్ల తలకాయ లోపమైపోయింది. ఎంపిక ఎవరైనా చెయ్యగలరు. జరిగిపోయిన వివక్షకు అంకెల్లో రుజువు చూపడం మాత్రం ఇంత నమ్మకంగా ఇంకెవరూ చెయ్యలేరు. ఇంట్లో జరిగే మొదటి పరీక్షకు హాల్‌టికెట్టు లేదు, ఫలితాల తేదీ లేదు. ఎవరి మీద డబ్బు పెట్టాలి, ఎవరికి గది ఇవ్వాలి, ఎవరిని పనికి పిలవకూడదు అన్న ప్రశ్నలకు జవాబులు రాసేది పెద్దవాళ్ళు. మార్కులు పడేది పిల్లలకు. రెండో పరీక్ష ఆ మార్కుల్ని తన సొంత మార్కులుగా ప్రకటిస్తుంది.

సాహిత్య విద్యార్థిగా నాకు తెలిసిన పని ఒకటుంది. ఒక రచన ఎదురుగా ఉంటే అందులో ఎవరున్నారో చూడటంతో ఆగకుండా ఎవరు లేరో కూడా చూడటం. స్త్రీవాద విమర్శ నేర్పిన పని అది. మన పేపర్లలో ఫలితాలొచ్చిన మర్నాడు వచ్చే ఫుల్‌పేజీ ర్యాంకుల ప్రకటన కూడా ఒక రచనే. చదివి చూడండి. పైన పెద్దక్షరాల్లో ఒకటి, రెండు, మూడు అని అంకెలు. కింద తపాలా బిళ్ళంత ఫోటోలు వరసలు వరసలుగా. పక్క పేజీలో ర్యాంకరు ఇంటర్వ్యూ. అమ్మానాన్నల ప్రోత్సాహం, అధ్యాపకుల కృషి, ముందు ముందు ప్రజాసేవ. వాక్యాలు కూడా ఏటా మారవు. ఆ పేజీలో లేని వాళ్ళు ఎవరు? అదే కాలేజీలో చేరి వేల ర్యాంకుల్లో మిగిలిపోయిన వాళ్ళు లేరు. చేరలేని వాళ్ళు అసలే లేరు. అన్నను చేర్పించినందుకు ఊళ్ళో ఆగిపోయిన చెల్లెళ్ళు లేరు. హాస్టల్లో ప్రాణం తీసుకున్న పిల్లలు లేరు. ఆ చావుల గురించే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2001లో నీరదారెడ్డి కమిటీని వెయ్యాల్సి వచ్చింది, మళ్ళీ 2017లో, విభజన తర్వాత, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చక్రపాణి కమిటీని వెయ్యాల్సి వచ్చింది. ఆ పేజీ మాత్రం మారలేదు.

ఇంతదాకా రాసినదాన్ని బట్టి నేను ఈ పరీక్షల్ని ఎత్తేయమంటున్నాను అనిపించవచ్చు. అంత సులువుగా అనలేను. ఎందుకంటే ఈ పరీక్షకు ముందు ఏముందో కూడా చూడాలి.

మా జిల్లాకు ఆనుకునే కర్ణాటకలో తుమకూరు ఉంది. అక్కడి ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీ బయటి రాష్ట్రాల విద్యార్థుల దగ్గర ఏడాదికి అరవై వేలు అడిగింది. ప్రభుత్వ సీటుకు ఫీజు రెండు వేలు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మోహినీ జైన్ అనే అమ్మాయి అంత కట్టలేనని సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1992లో కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఆ మరుసటి ఏడు మన రాష్ట్రం పేరుతోనే ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో వృత్తివిద్యా సీట్లను ప్రతిభ మీద నింపాల్సినవి, డబ్బు కట్టి చేరాల్సినవి అని విడదీశారు. మన దగ్గర 1983లోనే కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ దశాబ్దం మధ్యలోంచి ఎంసెట్ వచ్చింది. డబ్బు సంచి మోసుకొచ్చినవాడికీ, సిఫారసు చీటీ తెచ్చుకున్నవాడికీ ఈ గుండ్రాల కాగితం అడ్డం పడింది. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల స్థానికులకు 85 శాతం సీట్లు దక్కాయి. ఆడపిల్లలకు మూడో వంతు సీట్లు కేటాయించారు. ప్రశ్నపత్రంలో ఇంగ్లీషు పక్కన తెలుగు ఉంది. తప్పు జవాబుకు మార్కు కొయ్యడం లేదు. కరువు సీమ నుంచి వచ్చిన ఎంతోమంది మొదటితరం ఆడపిల్లలు ఇంజనీర్లయింది ఈ దారినే.

మా పిన్నమ్మ కూతురి సంగతి చెప్తాను. 2011లో దానికి పెళ్ళి కుదిరింది. అబ్బాయి తరఫు వాళ్ళు శ్రావణంలో ముహూర్తం పెట్టమంటున్నారు. అప్పుడే దాని ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగుకు పిలుపొచ్చింది. మా చిన్నాయన ఆ కాగితం పట్టుకుని ఊళ్ళో నలుగురికీ చూపించాడు. "సీటొచ్చిందంట, ఫీజు గవర్నమెంటే కడతాదంట, ఇంక ఏం చేయల్ల?" అని వాళ్ళనే అడిగాడు. పెళ్ళి ఆగింది. అది రెండేళ్ళుగా 'చదువుకుంటా' అని ఏడిస్తే ఎవరూ వినలేదు. ఒక అంకె చెప్తే విన్నారు. ఇంటి పెద్దలు కాదనలేని మాట ఆడపిల్లకు దొరకడం ఎంత అరుదో మనకు తెలియనిది కాదు.

ఇంకొకటి. పదిహేడో ప్రశ్న తర్వాత నేను మా ఎం.ఏ. తరగతిలో ఈ చర్చ పెట్టాను. ఇట్లాంటి పరీక్షల బదులు ఒక వ్యాసం రాయించి, ఇంటర్వ్యూ చేసి తీసుకుంటే మేలు కదా అన్నాను. వెనక వరసలో కూర్చునే ఒక దళిత విద్యార్థిని లేచింది.

"ఇంటర్వ్యూలు వద్దు మేడం. వాళ్ళు మొదట ఊరు అడుగుతారు. ఊళ్ళో యాడ అంటారు. తర్వాత నాయన ఏం చేస్తాడంటారు. అవన్నీ చెప్పినాక మేమేం చెప్పినా వాళ్ళకు వినపడేది వేరే. ఓఎంఆర్ షీటు మమ్మల్ని ఏమీ అడగదు" అంది.

నా దగ్గర జవాబు లేదు. నా వాదనలో ఆ పిల్ల నిలబడే చోటు లేదని అప్పుడే తెలిసింది. మనుషుల చేతుల్లో ఉన్న ఎంపిక ఎట్లా ఉంటుందో చెప్పడానికి దూరం ఉదాహరణ కూడా ఒకటుంది. 2018లో జపాన్‌లో టోక్యో మెడికల్ యూనివర్సిటీ గుట్టు బయటపడింది. ఆడపిల్లలు ఎక్కువమంది డాక్టర్లయితే పెళ్ళి, పిల్లలు అని ఉద్యోగం మానేస్తారని, ఏళ్ళ తరబడి వాళ్ళ ప్రవేశపరీక్ష మార్కుల్ని రహస్యంగా తగ్గిస్తూ వచ్చారు. ఆ మోసం పట్టుబడింది కూడా మార్కులు ఉన్నాయి కాబట్టే. పరీక్ష ఆ అమ్మాయిలకు అన్యాయం చెయ్యలేదు. దాన్ని దిద్దిన పెద్దమనుషులు చేశారు.

అయితే పేరు అడగనంత మాత్రాన పరీక్షకు ఆడా మగా తేడా లేదని కూడా అనుకోకూడదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రం ప్రతిభా స్కాలర్‌షిప్పుల్ని ఒక్క శాట్ స్కోరు చూసే ఇచ్చేది. బడిలో మంచి మార్కులు తెచ్చుకున్న ఆడపిల్లలు స్కాలర్‌షిప్పుల దగ్గర వెనకబడిపోయేవాళ్ళు. 1989లో ఫెడరల్ కోర్టు ఆ పద్ధతి ఆడపిల్లల పట్ల వివక్షే అని తీర్పిచ్చింది. కాలేజీలో ఎట్లా చదువుతారో ఊహించడానికి తయారైన పరీక్షతో బడిలో ఎట్లా చదివారో కొలవడం ఏమిటని అడిగింది. కేథరిన్ బాల్డిగా 2014లో ప్రచురించిన అధ్యయనంలో, తప్పుకు మార్కు కోస్తారని తెలిస్తే ఆడవాళ్ళు మగవాళ్ళ కంటే ఎక్కువ ప్రశ్నల్ని వదిలేస్తారని తేలింది. తెలియక వదిలేయడం కాదు, తెలిసినా ధైర్యం చెయ్యకపోవడం. చిలీ దేశం 2015 ప్రాంతంలో తన ప్రవేశపరీక్షలో ఆ కోత తీసేసింది, ఆడా మగా స్కోర్ల మధ్య తేడా తగ్గింది. మన ఎంసెట్‌లో కోత లేదు. నీట్‌లో ఉంది, జేఈఈలో ఉంది. 'తప్పు చెయ్యకు, నోరు జారకు, తెలియకపోతే ఊరుకో' అని పుట్టినప్పటినుంచీ పెంచిన పిల్లను పరీక్ష హాల్లో కూర్చోబెట్టి, ఊహించి గుండ్రం నింపిన ధైర్యాన్ని ప్రతిభ అని పిలుస్తున్నాం. ఐఐటీల బీటెక్ తరగతుల్లో అమ్మాయిలు దాదాపు పదో వంతు కూడా ఉండేవాళ్ళు కాదు. 2018 నుంచి వాళ్ళ కోసం అదనపు సీట్లు పెట్టాక ఐదో వంతుకు చేరారు. అంటే సీటు పెంచితే చదివే ఆడపిల్లలు దొరికారు. అంతకుముందు వాళ్ళు లేక కాదు.

మరి వేరే కొలత సాధ్యమా? సాధ్యమే అనడానికి మన దగ్గరే ఒక సాక్ష్యం ఉంది. 2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టి ఇడుపులపాయ, నూజివీడు, బాసరల్లో క్యాంపసులు తెరిచారు. మనం ట్రిపుల్ ఐటీలు అంటాం. పదో తరగతి కాగానే ఆరేళ్ళ చదువు, హాస్టల్‌తో సహా. ఎంట్రన్స్ లేదు. పదో తరగతి ఫలితమే ఆధారం. అంతకంటే ముఖ్యం, ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు వెనుకబాటు స్కోరు అని అదనంగా కలుపుతారు. గ్రేడ్లున్న కాలంలో అది 0.4 పాయింట్లు. చిన్న అంకే. కానీ నాకు తెలిసినంతలో మన ప్రవేశాల చరిత్రలో 'ఈ పిల్ల ఎక్కడినుంచి పరుగు మొదలుపెట్టింది' అన్న ప్రశ్నను నేరుగా మార్కులోకి తెచ్చిన అంకెలు బహు కొద్ది. ఆడపిల్ల అయినందుకు అందులో ఏమీ కలపలేదు. అయినా చాలా ఏళ్ళుగా ఆ ఎంపిక జాబితాల్లో అమ్మాయిలే ఎక్కువ.

ఎందుకని? నేను చదువుకున్న అర్థం ఇది. పదో తరగతి దాకా ఆడపిల్లా మగపిల్లాడూ ఒకే హైస్కూలుకు పోతారు, ఒకే సారు పాఠం వింటారు. ఎద్దులు అమ్మే పంచాయితీ ఇంకా మొదలవలేదు. ఆ గీత దగ్గర కొలిస్తే ఆడపిల్ల తక్కువ తూగదు. ఇంకో రెండేళ్ళు ఆగి, పెట్టుబడి పెట్టాక కొలిస్తే తక్కువ తూగుతుంది. తూకం మారలేదు, తూచే వేళ మారింది. దీనికి ఎదురు వాదన కూడా ఉంది, దాచను. మగపిల్లల్ని డబ్బు పెట్టి కార్పొరేట్ కాలేజీలకు పంపి, ఉచితం కాబట్టి ఆడపిల్లల్ని ట్రిపుల్ ఐటీకి పంపే ఇళ్ళు నేను కళ్ళారా చూశాను. అంటే ఆ జాబితాలోని ఆడపిల్లల సంఖ్యలో వాళ్ళ గెలుపూ ఉంది, ఇంటి లెక్కా ఉంది. అయినా ఆ లెక్క వల్ల ఆగిపోవాల్సిన పిల్ల ఇంజనీరయింది. కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు రద్దయినప్పుడు 2020లో, 2021లో ఈ విశ్వవిద్యాలయం కూడా ఎంట్రన్స్ పెట్టాల్సి వచ్చింది. తర్వాత మళ్ళీ పదో తరగతి మార్కుల దగ్గరికే వచ్చింది. ఇంత పెద్ద వ్యవస్థను ఎంట్రన్స్ లేకుండా నడపవచ్చని, అవసరమైతే తిరిగి రావచ్చని కూడా తేలింది.

మామూలు ఎంసెట్‌లోనూ 2009 నుంచి ఇంటర్ మార్కులకు 25 శాతం విలువ ఇచ్చారు. తెలంగాణ 2023లో దాన్ని శాశ్వతంగా తీసేసింది. ఇంటర్ మార్కుల్లో అవకతవకలుంటాయి, ప్రవేశపరీక్షే నిఖార్సైనది అని వాదించేవాళ్ళున్నారు. 2016లో తెలంగాణలో మెడికల్ ఎంసెట్-2 పేపరు బయటికి పొక్కి పరీక్ష రద్దయి పిల్లలు మళ్ళీ రాయాల్సి వచ్చింది. 2024లో నీట్ పేపరు లీకు గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కోర్టు మళ్ళీ పరీక్ష పెట్టక్కర్లేదంది కానీ, కొన్ని చోట్ల పేపరు లీకయిన మాట నిజమేనంది. మొత్తం జీవితం ఒక్క కాగితం మీద పెట్టినప్పుడు ఆ కాగితానికి ధర పుడుతుంది. ఆ ధర కట్టగలిగేది మా అరుగుల మీద కూర్చున్న వాళ్ళు కాదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ర్యాంకు సీటుతో ఆగలేదు. ఫీజు రీయింబర్స్‌మెంటులో 2012-13 నుంచి కొన్నేళ్ళు, కొన్ని మినహాయింపులున్నా, బీసీ, ఈబీసీ పిల్లలకు పదివేల లోపు ర్యాంకైతేనే పూర్తి ఫీజు, ఆపైన 35 వేలే అన్నారు. కోచింగుకు డబ్బులేక ర్యాంకు తగ్గిన పిల్ల, ర్యాంకు తగ్గినందుకు మళ్ళీ డబ్బు కట్టాలి. ఆ తేడా డబ్బు కొడుకు కోసం అయితే పుడుతుంది. కూతురి కోసం పుట్టడం కష్టం.

నేను కోరుకునేది పెద్దదేం కాదు. పరీక్ష ఉండనివ్వండి, ఓఎంఆర్ షీటు ఏమీ అడగదన్న ఆ విద్యార్థిని కోసమైనా. కానీ ఒక్క పరీక్షే అన్నీ చెప్తుందని అనవద్దు. బడిలో ఏళ్ళ తరబడి చేసిన చదువుకు విలువ ఉండాలి. ప్రభుత్వ బడి నుంచి, కరువు మండలం నుంచి వచ్చిన స్కోరును ఆ చోటుతో కలిపి చదవాలి. తప్పుకు మార్కు కోసే పద్ధతి తీసేయాలి. ప్రతి ఏడూ ఫలితాలతో పాటు ఏ జిల్లా నుంచి, ఏ రకం కాలేజీ నుంచి ఎంతమంది అమ్మాయిలు రాశారు, ఎంతమందికి ఏ సీటు వచ్చింది అన్న లెక్క అందరికీ అర్థమయ్యేలా ప్రచురించాలి. 2022, 2023లలో ఈఏపీసెట్‌ను నిర్వహించింది మా అనంతపురం జేఎన్‌టీయూనే. ఆ పరీక్ష పుట్టిన ఊరి చుట్టుపక్కల పల్లెల్లో ఎంతమంది ఆడపిల్లలు దాన్ని రాయకుండానే ఆగిపోయారో మనకు తెలియాలి కదా.

పదిహేడో ప్రశ్న సంగతి చెప్పి ముగిస్తాను. గడువు దగ్గరపడింది. దాన్ని కొట్టేసి 'దిద్దుబాటు ఏ పత్రికలో అచ్చయింది' అని రాసి పంపాను. దానికి ఒకటే జవాబు. ఎవరూ గొడవ పెట్టుకోలేరు. కానీ పంపినందుకు నాకు సంతోషం కలగలేదు. బడికి పోకుండా, తమ్ముడి చదువు పక్కన కూర్చుని చదువు నేర్చుకున్న అచ్చమాంబ నా యాభై ప్రశ్నల్లో ఎక్కడా లేకుండా పోయింది. అసలు ప్రశ్నను తరగతిలో బోర్డు మీద రాసి, తలా ఒక పేజీ రాయమన్నాను. ఆ పేజీలకు మార్కులు వెయ్యలేదు.

మే నెలలో ఊరికి వెళ్ళాను. పక్కింటి పిల్ల పదో తరగతి పాసై ట్రిపుల్ ఐటీ జాబితా కోసం ఎదురుచూస్తోంది. మా అరుగు మీదే కూర్చుని అమ్మతో పాటు కాయలు ఒలుస్తోంది. కాసేపయ్యాక అమ్మ దాని ముందున్న కుప్ప తన వైపు లాక్కుంది.

"నువ్వు పో పాపా, ఇంట్లోకి పోయి చదువుకో."

"పరీక్షలైపోయినాయి కదవ్వా" అని నవ్వింది ఆ పిల్ల.

అమ్మ నవ్వలేదు. ఒలుస్తూనే, నా వైపు చూడకుండా అంది: "నీ పరీక్షప్పుడు నాలుగు దినాలు నిన్ను దీంట్లోకి పిలవకుండా ఉండల్సింది."

పద్దెనిమిదేళ్ళుగా ఆ లెక్క అమ్మ దగ్గర ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు.